ఇంజన్ అప్పుడప్పుడు ఆగిపోవడం: పాత వాహనాల్లో కారణ నిర్ధారణ (రామగుండం, గోదావరిఖని ప్రాంతం)

నిర్వచనం

డ్రైవరు తాళంచెవి తిప్పకుండానే నడుస్తున్న ఇంజన్ దానంతట అది ఆగి, కొంతసేపటికి ఏ మరమ్మతూ చేయకుండానే మళ్లీ స్టార్టయ్యే లోపాన్ని అప్పుడప్పుడు ఆగిపోవడం అంటారు. సింగరేణి ప్రాంతపు షెడ్లలో 'బండి నడుస్తనే బంద్ పడుతుంది' అని చెప్పేది ఈ లోపం గురించే. ఇంజన్ ఆగడం, ఆ తరవాత ఏమీ జరగనట్టు మామూలైపోవడం, ఈ రెండూ ఉంటేనే అది ఈ కోవలోకి వస్తుంది. అసలు స్టార్ట్ కాకపోవడం, ఒక సిలిండర్ మండక ఇంజన్ వణకడం (షెడ్డు మాటలో మిస్సింగ్), పికప్ పడిపోవడం, క్లచ్ తొందరగా వదిలితే ఆగడం వేరే లోపాలు. ఇంజన్ వేడెక్కి, ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటి ఆగితే అది శీతలీకరణ లోపం (చూ. రేడియేటర్). అలాంటి ఇంజన్‌ను చల్లారకముందే మళ్లీ తిప్పకూడదు.

బండి షెడ్డుకు చేరేసరికి లోపం కనబడకపోవడమే ఇందులోని అసలు చిక్కు. అందువల్ల ఏ భాగం చెడిందని అడగడానికి ముందు, ఏ పరిస్థితిలో ఆగుతోందని అడగాలి. వేడి, తడి, కుదుపు, ట్యాంకులో ఇంధన మట్టం, ఇంజన్ మీద పడే భారం, ఈ ఐదింటిలో దేనితో లోపం ముడిపడి ఉందో తేలితే అనుమానించాల్సిన భాగాలు నాలుగైదుకు తగ్గుతాయి. అది తేలకుండా ప్లగ్గులు, పంపు, సెన్సారు వరసగా మార్చుకుంటూ పోవడాన్ని నిర్ధారణ అనలేం. బండి బాగుపడినా ఏ మార్పు వల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు.

ప్రాంతం, వాహనాలు

రామగుండం, గోదావరిఖని పట్టణాలు పెద్దపల్లి జిల్లాలో గోదావరికి దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. ఇక్కడి గనులు సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్‌వి. 1920 డిసెంబరు 23న ఈ పేరుతో ఏర్పడిన సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులతో పాటు ఎన్టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రం, కుందనపల్లి బూడిద చెరువు, ఎరువుల కర్మాగారం, బసంతనగర్ సిమెంటు కర్మాగారం అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. బొగ్గు, బూడిద మోసే టిప్పర్లు తిరిగే రాజీవ్ రహదారి మీదనే కార్మికుల బళ్లు కూడా తిరుగుతాయి.

ఇంజన్ ఆగిపోవడానికి ఈ పరిసరాలు నాలుగు విధాలుగా తోడ్పడతాయి. మొదటిది దుమ్ము. బొగ్గు పొడి మెత్తగా, నల్లగా అంటుకుంటుంది. బూడిదలో ప్రధానంగా సిలికా, అల్యూమినా ఉంటాయి కాబట్టి అది గరుకుగా ఉండి భాగాలను అరగదీస్తుంది. రెండోది నీళ్లు. దుమ్ము లేవకుండా రవాణా రోడ్ల మీద ట్యాంకర్లతో నీళ్లు చల్లుతారు. తడిసిన దుమ్ము బురదై బండి అడుగున గట్టిపడి, వైర్ల కనెక్టర్ల సందుల్లో నిలుస్తుంది. మూడోది ఎండ. మే నెలలో రామగుండంలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. నాలుగోది వాడకపు తీరు. క్వార్టర్ నుంచి గని దాకా కొద్ది కిలోమీటర్లు నడిచి, షిఫ్టు ముగిసేదాకా నిలిచే బండిలో, స్టార్ట్ చేయడానికి ఖర్చయిన కరెంటును ఆల్టర్నేటరు పూర్తిగా తిరిగి నింపలేదు. ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆపేయడం వల్ల థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటుంది.

బండి ఏ కాలపు సాంకేతికతదో నంబరు ప్లేటు కొంతవరకు చెబుతుంది. ఏపీ 15 అంటే రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రిజిస్టరైన బండి. అందులో కార్బొరేటర్ ఇంజన్లూ ఉండవచ్చు, తొలితరం ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) ఇంజన్లూ ఉండవచ్చు. టీఎస్ 22 అంటే 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడిన తరవాతి బండి. వీటిలో ఎక్కువ భాగం 2017 ఏప్రిల్ 1న దేశమంతటా అమల్లోకొచ్చిన బీఎస్-4, లేదా 2020 ఏప్రిల్ 1 నాటి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలవి. 2024 మార్చిలో మొదలైన టీజీ శ్రేణిలోని కొత్త బళ్లు బీఎస్-6 రెండో దశవి. వేరే ఊరి బండి కొని తెచ్చుకున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు, తయారీ నెల చూడాలి.

చరిత్ర

బ్యాటరీ, కాయిల్, కాంటాక్ట్ పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించే జ్వలన పద్ధతిని 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ వాడకంలోకి తెచ్చాడు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 దాకా మన రోడ్ల మీద నడిచిన పెట్రోల్ కార్లు ఆ పద్ధతివే. ఇంజన్ ఆగితే మెకానిక్ చూసేవి కొన్నే: పాయింట్ల మధ్య సందు, కండెన్సర్, కార్బొరేటర్ జెట్టులో చెత్త, పెట్రోల్ పంపు. వేసవిలో పంపుకూ కార్బొరేటర్‌కూ మధ్య గొట్టంలో పెట్రోల్ ఆవిరై బుడగ కట్టి, ఇంధనం అందక బండి ఆగేది (చూ. వేపర్ లాక్). పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగడమే దానికి మందు. అప్పటి లోపాలు కంటికి కనబడేవి, చేత్తో సరిచేయగలిగేవి.

వాహన ఉద్గారాల నిబంధనలతో పరిస్థితి మారింది. 2000 తరవాత కొత్త పెట్రోల్ కార్లలో కార్బొరేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ స్థిరపడింది. ఇంధనం ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్నది ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్, అంటే ఈసీఎం, నిర్ణయించసాగింది. డీజిల్‌లో మైకో వంటి కంపెనీల యాంత్రిక పంపుల తరవాత కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడిలో డీజిల్ అందించే పద్ధతి) వచ్చింది. భారత మార్కెట్లో 2002లో హ్యుందయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ, 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్ ఈ మార్పును జనానికి చేర్చాయి. మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు మానేసింది. అందువల్ల ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఆ కంపెనీ డీజిల్ బళ్లన్నీ అంతకు ముందువే. ద్విచక్ర వాహనాల్లో చాలావరకు బీఎస్-6తోనే కార్బొరేటర్ పోయి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది.

మార్పు ఫలితంగా ఇంజన్ ఆగడం మొత్తంమీద తగ్గింది. కానీ ఆగినప్పుడు కారణం కంటికి దొరకడం కష్టమైంది.

ఇంజన్ ఎందుకు ఆగుతుంది

పెట్రోల్ ఇంజన్ నడవడానికి గాలి, పెట్రోల్, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండర్‌లో ఒత్తిడి కావాలి. బరువు లెక్కన పెట్రోల్ ఒక పాలుంటే గాలి సుమారు 14.7 పాళ్లుండటం పూర్తి దహనానికి సరైన నిష్పత్తి. డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, నొక్కిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. ఒక్క సిలిండర్ మండకపోతే ఇంజన్ వణుకుతుంది తప్ప ఆగదు. ఆగాలంటే అన్ని సిలిండర్లకూ కలిపి అందేదేదో ఒక్కసారిగా తెగాలి: ఇంధన ఒత్తిడి, కరెంటు, లేదా క్రాంక్ ఎక్కడుందో ఈసీఎంకు చెప్పే సంకేతం. అప్పుడప్పుడు ఆగే బండిలో ఒక్కో సిలిండర్‌కు విడిగా ఉండే ప్లగ్గును, ఇంజెక్టర్‌ను ముందుగా అనుమానించకపోవడానికి కారణం ఇదే. నాలుగు సిలిండర్లకు ఒకే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బళ్లు దీనికి మినహాయింపు. అక్కడ కాయిల్ వేడెక్కి తెగితే ఇంజన్ మొత్తం ఆగుతుంది.

ఆగే తీరులో రెండు రకాలున్నాయి. తాళం తీసేసినట్టు ఒక్క క్షణంలో ఆగితే కరెంటు లేదా సంకేతం తెగిందని అనుకోవాలి. దగ్గి దగ్గి, గుంజి గుంజి ఆగితే ఇంధనం చాలడం లేదని. చాలా మోడళ్లలో ఆర్‌పీఎం ముల్లు క్రాంక్ సంకేతం మీదే నడుస్తుంది. బండి ఇంకా గేర్‌లో దొర్లుతూ ఇంజన్ తిరుగుతుండగానే ముల్లు సున్నాకు పడితే ఆ సంకేతమే పోయింది. ముల్లు మెల్లగా దిగితే లోపం ఇంధనం వైపు ఉంది. డాష్‌బోర్డు దీపాలు కూడా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్, ఎర్త్, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. పరికరాలేవీ లేకుండా డ్రైవరు సీటులోంచే తెలుసుకోగలిగిన సంగతులివి. వాటిని మెకానిక్ అడగకపోయినా యజమాని చెప్పాలి.

రకాలు: ఆగే సందర్భాన్ని బట్టి

*వేడిలో ఆగడం.* పొద్దున బాగానే నడిచిన బండి మధ్యాహ్నం ఆగి, పావుగంటో అరగంటో నిలబడితే మళ్లీ స్టార్టవుతుంది. బొగ్గు ప్రాంతంలో ఎక్కువ చర్చించదగ్గ రకం ఇదే. మొదటి అనుమానితుడు క్రాంక్ పొజిషన్ సెన్సారు. చాలా బళ్లలో ఇది ఇంజన్ కిందిభాగంలో గేరుబాక్సు దగ్గర, వేడికీ బురదకూ అందుబాటులో ఉంటుంది. దాని లోపలి రాగి తీగ చుట్టలో సన్నని పగులుంటే, వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లారితే అతుక్కుంటుంది. ఆగిన వెంటనే సెన్సారు నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలిచి, చల్లారాక మళ్లీ కొలిచి రెండూ పోల్చాలి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి మాత్రమే కొలిస్తే చెడిన సెన్సారు కూడా పాసవుతుంది. ఇది తీగచుట్ట రకం సెన్సారుకే వర్తిస్తుంది. మూడు వైర్ల హాల్ రకానికి నిరోధం కొలవకూడదు, సంకేతాన్ని ఆసిల్లోస్కోప్ మీద చూడాలి. ఇంకో దారి, స్టార్ట్ కాని స్థితిలో సెన్సారు మీద తడిగుడ్డ ఉంచి చల్లార్చి చూడటం. వెంటనే అందుకుంటే అనుమానం బలపడుతుంది.

రెండో అనుమానితుడు ట్యాంకులోని విద్యుత్ పంపు. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు పావు వంతుకన్నా తగ్గాక ఎండలో నడిపితే అరిగిన మోటారు వేడెక్కి ఆగిపోతుంది. రిజర్వులో నడిపే అలవాటున్న బండిలో పంపు ముందుగా పోవడానికి కారణం ఇదే. పంపు రిలే, మెయిన్ రిలేల్లోని టంకం అతుకులు పగిలినా ఇదే తంతు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న బళ్లలో ఇగ్నైటర్ మాడ్యూల్‌ను కూడా ఇదే వరసలో చూడాలి. కార్బొరేటర్ బళ్లలో వేపర్ లాక్ ఇప్పటికీ ఉంది. ఎంపీఎఫ్ఐలో పెట్రోల్ సుమారు 3 బార్ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి బుడగ కట్టడం అరుదు.

ఇంజన్ ఆపిన తరవాత బానెట్ కింద వేడి వెంటనే తగ్గదు. గాలి ప్రవాహం ఆగడంతో పది, పదిహేను నిమిషాలపాటు ఇంకా పెరుగుతుంది. పెట్రోల్ బంకులో ఆపిన బండి మళ్లీ స్టార్ట్ చేయగానే ఆగడం వెనక తరచూ ఉండేది ఇదే.

*వానలో, తడిలో ఆగడం.* బొగ్గు పొడి పట్టిన హైటెన్షన్ వైర్లు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ మూత తడిస్తే నిప్పురవ్వ పక్కదారి పడుతుంది. రాత్రిపూట బానెట్ తెరిచి, ఇంజన్ నడుస్తుండగా సన్నగా నీటి తుంపర చల్లితే నీలిరంగు మెరుపులు కనబడతాయి. ఈ పరీక్ష చేసేటప్పుడు వైర్లను చేత్తో ముట్టకూడదు. కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు, ఈసీఎం కనెక్టర్‌లో తేమ కూడా ఈ రకానికే చెందుతాయి. వరదనీటిలో మునిగి, బాగుచేసి అమ్మిన బండిలో తుప్పు నెలల తరవాత బయటపడుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద చార కనబడవచ్చు.

*కుదుపులో ఆగడం.* స్పీడ్ బ్రేకర్, గుంత దాటగానే ఇంజన్ ఆగితే వదులైన బ్యాటరీ టెర్మినల్, తుప్పుపట్టిన ఎర్త్ పట్టీ, అరిగిన ఇగ్నిషన్ స్విచ్, ఒరిసిపోయిన వైరు చూడాలి. తాళంచెవికి బరువైన గుత్తి వేలాడదీస్తే స్విచ్ త్వరగా అరుగుతుంది. ఇంజన్ నడుస్తుండగా వైర్ల కట్టను ఒక్కోచోట మెల్లగా కదిలించి, తాళాన్ని అటూఇటూ ఆడించి చూడటం ఇక్కడ ప్రధాన పరీక్ష. కొన్ని కార్లలో ఢీకొన్నప్పుడు పంపును ఆపే ఇనర్షియా స్విచ్ ఉంటుంది. అది గట్టి కుదుపుకే పనిచేయవచ్చు. బీఎస్-6 ద్విచక్ర వాహనాల్లో సైడ్‌స్టాండ్ స్విచ్‌లో బురద చేరితే ఇంజన్ ఆగే మోడళ్లున్నాయి.

*బ్రేకు వేసి ఆపేటప్పుడు ఆగడం.* 'స్లో నిలుస్తలేదు' అనే ఫిర్యాదు ఇది. థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ కంట్రోల్ వాల్వు మొరాయించడం, ఇన్‌టేక్ గొట్టానికి పగులు, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకునే ఉండిపోవడం కారణాలు. ఎయిర్ ఫిల్టర్ చినిగితే సన్నని దుమ్ము గాలిని కొలిచే సెన్సారు తీగ మీద పేరుకుని, ఈసీఎంకు తప్పుడు లెక్క అందుతుంది. ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో దులిపేటప్పుడు లోపలివైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ఎదురుగా కొడితే దుమ్ము కాగితంలోకి మరింత దిగుతుంది. ఈ ప్రాంతంలో పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్‌ను ఆపకూడదు.

*ట్యాంకుతో ముడిపడినవి.* ఎంతో దూరం నడిచాక ఆగి, ట్యాంకు మూత తెరవగానే బుస్సుమని గాలి లోపలికి పోయి మళ్లీ నడిస్తే ట్యాంకు గాలిరంధ్రం మూసుకుంది. మోపెడ్లలో, పాత మోటారు సైకిళ్లలో ఇది మామూలు. ఇంధనం పోయించిన వెంటనే స్టార్ట్ చేసి కదలగానే ఆగే కార్లలో, పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌కు పంపే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. పెట్రోల్‌లో ఇథనాల్ శాతం 2022 నాటికి 10కి చేరింది, 2023 నుంచి 20 శాతం కలిపినది అమ్మకంలోకి వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని వదలగొడుతుంది. చాలాకాలం నిలిపి ఉంచిన పాత బండిలో ఫిల్టర్ మూసుకుపోవడానికి ఇదీ ఒక కారణం. అలాగని ఆగిన ప్రతి బండికీ పెట్రోల్‌నే నిందించడం సరికాదు. పంపు ఒత్తిడి కొలిస్తే నిమిషాల్లో తేలే విషయమది.

డీజిల్, గ్యాస్ వాహనాలు

యాంత్రిక పంపు ఉన్న పాత డీజిల్ జీపులు, ట్రాక్స్‌లు, ఆటోలలో రెండు కారణాలు మిగతావాటికన్నా ఎక్కువ: 'ఎయిర్ పట్టడం', షటాఫ్ సోలెనాయిడ్‌కు కరెంటు పోవడం. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను పీల్చుకోవాలి కనుక, గొట్టంలో సన్నని పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కింద నేల పొడిగా ఉన్నా గొట్టం బాగుందని చెప్పలేం. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య కొంతసేపు పారదర్శక గొట్టం బిగించి చూస్తే బుడగలు కనబడతాయి. చేతిపంపు కొట్టగానే మళ్లీ స్టార్టైతే గాలి అనుమానం గట్టిపడుతుంది. సోలెనాయిడ్ సంగతి వేరు. దాని వైరు వదులైతే తాళం తీసినట్టే ఇంజన్ ఆగుతుంది, చేతిపంపుతో పని లేదు.

కామన్ రైల్ ఇంజన్ స్టార్ట్ కావడానికి రైల్‌లో సుమారు 200 బార్ ఒత్తిడి కావాలి. నడకలో అది వెయ్యి బార్ దాటుతుంది. ఇంజెక్టర్ రిటర్న్ గొట్టంలోంచి ఎక్కువ డీజిల్ వెనక్కి పోతుంటే, లేదా పంపు మీటరింగ్ వాల్వు అంటుకుపోతుంటే, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఒత్తిడి నిలవక ఇంజన్ ఆగుతుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌ను విడి సీసాలో పట్టి పోల్చడం చవకైన, నమ్మదగిన పరీక్ష. నడుస్తున్న కామన్ రైల్ ఇంజన్ గొట్టం నట్టును వదులు చేసి చూసే పాత అలవాటు ఇక్కడ ప్రాణాంతకం. ఆ ఒత్తిడిలో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూరుతుంది.

డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వానాకాలంలో తరచూ వదలాలి. బయట బిగించిన ఎల్పీజీ, సీఎన్జీ కిట్లున్న బళ్లలో ముందుగా పెట్రోల్ మీద మాత్రమే కొన్నాళ్లు నడిపి చూడాలి. ఆగడం మానితే లోపం కిట్టుది. అసలు వైర్లను కోసి వేసిన అతుకులే చాలాసార్లు కారణం.

నిర్ధారణ క్రమం

మొదట నోటు పుస్తకం. ఆగిన సమయం, వాతావరణం, వేగం, ట్యాంకు మట్టం, ఏసీ ఉందా లేదా, ఆగిన తీరు, ఎంతసేపటికి స్టార్టైంది అన్నవి నాలుగైదుసార్లు రాస్తే క్రమం కనబడుతుంది. తరవాత ఖర్చు లేని పనులు: బ్యాటరీ టెర్మినళ్లు బిగించడం, ఎర్త్ పట్టీ విప్పి గీకి బిగించడం, ఫ్యూజులు, రిలేలు, ఫిల్టర్లు చూడటం. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 ఓల్టులు, నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు 13.5 నుంచి 14.5 ఓల్టులు చూపాలి. ఇంజన్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య, భారం మీద, 0.2 ఓల్టులకన్నా ఎక్కువ పడితే ఎర్త్ సరిగా లేదు.

ఆ తరవాత లోపాన్ని రప్పించాలి. వేడిలో ఆగే బండిని వేడిలోనే, తడిలో ఆగేదాన్ని తడిపే పరీక్షించాలి. చల్లటి ఉదయం షెడ్డులో గంటసేపు నడిపి 'ఏం లేదు' అనడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఇంధన ఒత్తిడి గేజి బిగించి, స్పార్క్ టెస్టర్ దగ్గర పెట్టుకుని నడిపితే, ఆగిన క్షణంలో రెండింటిలో ఏది పోయిందో తెలుస్తుంది. ఒత్తిడి ఉండి స్పార్క్ లేకపోతే జ్వలన వైపు, స్పార్క్ ఉండి ఒత్తిడి లేకపోతే పంపు వైపు. రెండూ ఒకేసారి పోతే క్రాంక్ సెన్సారు, మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్. ఈసీఎం చెడిందన్న తీర్పు ఆఖరిది. దానికి అందే కరెంటు, ఎర్త్ రెండూ బాగున్నాయని రుజువయ్యాకే ఆ మాట అనాలి.

ఓబీడీ, లోప సంకేతాలు

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ కలిపితే ఈసీఎం దాచుకున్న సంకేతాలు చదవవచ్చు. అమెరికాలో 1996 నుంచి తప్పనిసరైన ఓబీడీ-2 పద్ధతి మనదేశంలో బీఎస్-4 కార్లతో స్థిరపడింది. పి0335 క్రాంక్ సెన్సారు సర్క్యూట్‌ను, పి0340 క్యామ్ సెన్సారును, పి0087 రైల్ ఒత్తిడి తగ్గడాన్ని, పి0171 గాలి పాలు ఎక్కువవడాన్ని సూచిస్తాయి. సంకేతం సర్క్యూట్‌ను చూపుతుంది, చెడిన భాగాన్ని కాదు. పి0335కు సెన్సారెంత కారణమో తెగిన వైరూ అంతే కారణం కావచ్చు. లోపం నమోదైన క్షణంలోని వేగం, ఉష్ణోగ్రత, భారం 'ఫ్రీజ్ ఫ్రేమ్'లో ఉంటాయి. వాటిని చదవకముందే సంకేతాలు చెరిపేస్తే ఆధారం పోయినట్టే. ఈఎల్ఎం 327 రకం చిన్న బ్లూటూత్ పరికరం ఫోనుకు కలిపి, రోజూ నడిపే దారిలో రీడింగులు రికార్డు చేయడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే.

ఇంజన్ ఆగినా సంకేతం నమోదు కాకపోవడం మామూలే. ఇగ్నిషన్ స్విచ్‌లో కరెంటు పోతే ఈసీఎంకే కరెంటుండదు, ఇక రాసేదెవరు?

కొనేటప్పుడు పరీక్ష

అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచిన ఇంజన్ చల్లటి స్టార్ట్ లోపాలను దాస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, నడిపి పావుగంట ఎండలో నిలిపాక ఒకసారి స్టార్ట్ చేయాలి. గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద ఎన్టీపీసీ దాటి బసంతనగర్ దాకా వెళ్లివస్తే హైవే వేగం, స్పీడ్ బ్రేకర్లు, టోల్‌గేటు వరసలో నిలిచే ఐడిలింగ్ అన్నీ ఒకే చుట్టులో దొరుకుతాయి. ట్యాంకు నిండుగా కాక, పావు దగ్గర ఉంటే మేలు.

తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ దీపం వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే దీపం తీసేసి ఉండవచ్చు. స్కానర్‌లో సంకేతాలు లేకుండా, స్వీయపరీక్షలు 'పూర్తి కాలేదు' అని చూపితే, ఈమధ్యే బ్యాటరీ విప్పారు లేదా సంకేతాలు చెరిపారు. నడిపి రెండు మూడు రోజుల తరవాత మళ్లీ చూడాలి.

భద్రత, రీకాల్, చట్టం

ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకు చాలుతుంది. ఆ తరవాత పెడల్ గట్టిపడుతుంది, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుని, హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయాలి. బండి కదులుతుండగా తాళంచెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదముంది. ఓపెన్‌కాస్టు రోడ్ల మీద ఇంజన్ ఆగడం మరింత ప్రమాదకరం. భారీ డంపర్ ఆపరేటర్‌కు దగ్గరలో ఆగిన చిన్న బండి కనబడదు.

అమెరికాలో జనరల్ మోటార్స్ 2014లో ఇగ్నిషన్ స్విచ్ లోపం మీద సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. తాళం దానంతట అది జారి ఇంజన్, ఎయిర్‌బ్యాగులు రెండూ పనిచేయకపోవడంతో జరిగిన 124 మరణాలకు పరిహార నిధి బాధ్యతను అంగీకరించింది. మనదేశంలో మారుతి సుజుకి 2020 జులైలో 1,34,885 వ్యాగన్ఆర్, బాలెనో కార్లను, హోండా 2021 ఏప్రిల్‌లో 77,954 కార్లను ఇంధన పంపు లోపం మీద వెనక్కి పిలిచాయి. వీటిలో కొన్ని రీకాల్ పని చేయించుకోకుండానే చేతులు మారి ఉండవచ్చు. ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే తెలుస్తుంది, పని బాకీ ఉంటే ఉచితంగా చేస్తారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కంపెనీలను ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది.

ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల వాహనాలకు 15 ఏళ్లు దాటితే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ చెల్లదు. అవి తుక్కుకే పోవాలి, రోడ్డు మీదికి మళ్లీ రాకూడదు. తుక్కులోంచి తీసిన సెన్సార్లు, రిలేలు, ఈసీఎంలు పాత విడిభాగాల దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. ఇమ్మొబిలైజర్ ఉన్న కారుకు వేరే కారు ఈసీఎం తాళంతో జతపరచకుండా బిగిస్తే ఇంజన్ స్టార్టై ఒకటి రెండు సెకన్లకు ఆగవచ్చు, అసలు స్టార్టే కాకపోవచ్చు. పాత క్రాంక్ సెన్సారు కొని బిగించడం మాత్రం ఏ లెక్కన చూసినా పొదుపు కాదు, అది అంతకుముందు ఎంత వేడి చూసిందో చెప్పగలిగేవారు లేరు.